నీళ్లలో తేలిన తుపాకీ

ఆ రోజుల్లో మాకు అలసట అన్న మాట తెలియదు. ఒళ్లు హూనమైపోతే "నిద్దరొస్తంది" అనేవాళ్లం, అంతే. ఇప్పుడు నాకు పొద్దున్న లేస్తూనే అలసటగా ఉంటుంది, నిద్ర మాత్రం రాదు. (డాక్టరమ్మ దీనికేదో పేరు చెప్పి చీటీ మీద రాసిచ్చింది. ఆవిడ అక్షరాలు చదవడం మందుల షాపు వాడి వల్ల కూడా కాలేదు.) మధ్యాహ్నం పూట చాప మీద నడుం వాల్చి ఫ్యాను వంక చూస్తూ పడుకున్నప్పుడు గుర్తొచ్చే సంగతుల్లో ఈ తుపాకీ సంగతి ఒకటి. మా మేనకోడళ్లు దీన్ని నాచేత ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పించుకున్నారో లెక్కలేదు. చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి, ఈసారి రాసి పడేస్తున్నాను. ఎనిమిదో తరగతితో బడికి దండం పెట్టేసినదాన్ని, అక్షరాల్లో తప్పులుంటే సర్దుకోండి. సంగతిలో మాత్రం ఉండవు.

మా తాత పలాస నుంచి ఖరగ్‌పూర్ వచ్చి రైల్వేలో చేరాడు. నాన్న నిమ్‌పురా షెడ్డులో ఫిట్టరు. మేముండేది ట్రాఫిక్ అనే రైల్వే పేటలో, రెండు గదుల క్వార్టరు, వెనక చిన్న పెరడు, పెరటి గోడ దాటితే చెరువు. నాకు పంతొమ్మిదేళ్లు. ఝపటాపూర్‌లో ఒక బెంగాలీ ఆయన థర్మకోలు దుకాణంలో పనికి పోయేదాన్ని. ఆయన్ని అందరూ థర్మకోల్ దాదా అనేవారు, బెంగాలీలో దాదా అంటే అన్న. పెళ్లిపందిళ్లకి పెళ్లికొడుకు పెళ్లికూతురు పేర్లు, పూజా పందిళ్లకి స్తంభాలు, గోపురాలు, హంసలు, అన్నీ ఆ తెల్లటి అట్టలతోనే చెక్కేవాళ్లం. పని నాకు ప్రాణం. కానీ సాయంత్రం ఇంటికొస్తే ఆ తెల్లపూసలు జడలోంచి, కొంగులోంచి రాలి, అన్నంలో పడేవి. మా నాన్న కంచంలోంచి ఒక్కొక్క పూసా వేలితో తీసి, దీపం దగ్గర పెట్టి చూసి, ఉఫ్‌మని ఊదేవాడు. అది ఎగిరిపోయేది. "సూసినావా?" అనేవాడు. "ఉఫ్‌మంటే ఎగిరిపోనాది. ఇదీ ఒక పనేనేటే? పనంటే ఇనుం పని. సేతిలో ఎట్టుకుంటే బరువుండాల." రోజూ ఇదే మాట, రోజూ అన్నం దగ్గరే. అమ్మ చారు పోస్తూ ఉంటే, నేను తల దించుకుని తింటూ ఉండేదాన్ని.

ఆ ఏడు పూజలు దగ్గరపడుతుండగా నాన్న ఇక తేల్చేశాడు. "దుర్గ పూజలయ్యేదాకా ఎళ్లు. ఈలోగా నువ్వు సేసింది ఒక్కటంటే ఒక్కటి నా సేతిలో ఎట్టి, ఇది నిజం సరుకే అని నాచేత అనిపించు. అనిపిస్తే నీ ఇష్టం. లేకపోతే ఆ దుకాణం మానేసి ఇంట్లో కూకో." నాన్న మాట షెడ్డులో సూపర్వైజరు మాట లాంటిది, ఒకసారి అన్నాక దిద్దుబాటు ఉండదు. నాకేమో చేతిలో ఉన్నవన్నీ హంసలు. థర్మకోలు హంసని చూసి నిజం హంస అని ఎవరంటారు చెప్పండి?

సరిగ్గా అప్పుడు దిగారు ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు ఇద్దరు. గుంటూరు వైపు కుర్రవాడొకడు, పెద్ద కళ్లజోడు, వాడు డైరెక్టరు. ఇంకొకడు సన్నగా అగరొత్తిలా ఉన్నాడు, వాడు హీరో. కాలేజీ పండగలో చూపించడానికి పావుగంట సినిమా తీస్తున్నారట. హీరో చేతికి పొడవాటి తుపాకీ కావాలి. కోల్‌కతాలో అద్దెకి అడిగితే వాళ్ల దగ్గరున్న డబ్బు ఆ తుపాకీ బెల్టుకి కూడా చాలదన్నారట. దాదా పని ఆపకుండానే, "పూజో ఎసే గెఛే. ఎఖొన్ బొందూక్-టొందూక్ హొబే నా" అన్నాడు. పూజలొచ్చేశాయి, ఇప్పుడు తుపాకులూ గిపాకులూ కుదరవు పొమ్మని. కళ్లజోడు బాబు ముఖం చూస్తే జాలేసింది. నాతో తెలుగులో, "పేలక్కర్లేదక్కా. పేలేలా కనబడితే చాలు. సౌండు మేం కంప్యూటర్లో పెట్టుకుంటాం" అన్నాడు. నాకు కంచం ముందు కూర్చున్న నాన్న కళ్లముందు మెదిలాడు. "నాను సేస్తాను" అనేశాను. దాదా తలెత్తి నా వంక చూసి, దుకాణం పని పూర్తయ్యాక నీ పాట్లు నువ్వు పడు అన్నాడు. అప్పటికి నేను తుపాకీని దగ్గరగా చూసింది బ్యాంకు గుమ్మంలో గూర్ఖా భుజాన. అదీ, చూస్తే ఏమంటాడో అని ఓరకంట.

మొదటి తుపాకీ మూడు సాయంత్రాల పని. పుస్తకంలో బొమ్మ చూసి, అట్టలు అంటించి, వేడి తీగతో కోసి, ఉప్పుకాగితంతో రుద్ది, గిన్నె అంచులా నున్నగా చేశాను. తెల్లగా ఉన్నా ఎంత ముద్దొచ్చిందో. ఇక రంగు. మేము హంసలకి వేసేది నీళ్లరంగు. తుపాకీకి అంత చవక రంగేమిటని, గొప్పగా, నల్ల స్ప్రే డబ్బా ఒకటి తెప్పించాను. కుదిపి, కొట్టాను. శ్‌శ్‌మంది. నల్లగా మారుతుందనుకున్నది కాస్తా లోపలికి పోవడం మొదలెట్టింది. గొట్టం వంగింది, భుజానికి ఆనించే మడమ మీద గుంటలు పడ్డాయి, నేను చూస్తుండగానే పెనం మీద వెన్నముద్దలా జారి బల్లకి అంటుకుపోయింది. ఆ రంగులోని మందుకి థర్మకోలు కరిగిపోతుందని దాదాకి తెలుసు, నాకు తెలియదు. ఆయనొచ్చి చూసి, "బొందూక్ నా రే పాగ్లీ, జిలిపీ!" అని కడుపు పట్టుకుని నవ్వాడు. తుపాకీ కాదట, జిలేబీ అట. నేను బల్ల కింద కూర్చుని ఏడ్చాను. (బల్ల కింద ఎందుకంటే, పైన జిలేబీ ఉంది.)

రెండోదానికి తొమ్మిది రోజులు పట్టింది. అమ్మ మైదా ఉడికించి ఇచ్చింది. ఒకరోజు ఆలస్యంగా రైలెక్కి మా ఊరొచ్చే తెలుగు పేపరుని ముక్కలు చింపి, ఆ బంకలో ముంచి, థర్మకోలు మీద పొరమీద పొర అంటించి ఆరబెట్టాను. పేపరు తొడుగు ఉంటే రంగు లోపలికి పోదు. గొట్టానికి ప్లాస్టిక్ నీళ్ల పైపు ముక్క తెచ్చి, నాన్న బరువు బరువంటాడు కదా అని అందులో ఇసుక కూరి రెండు చివర్లా లప్పం పెట్టేశాను. నల్లరంగు ఆరాక, పెన్సిలు ములుకుల్ని పొడి చేసి పాతగుడ్డతో రుద్దాను. అంతే, రుద్దేకొద్దీ నలుపులోంచి ఇనుము బయటికి రావడం మొదలెట్టింది. నా చేత్తో నేనే చేశానా, అయినా వెనక్కి జరిగాను. చేతివేళ్లు రెండు రోజులు ముడవలేకపోయాను. రేపు ఆదివారం షూటింగు. నాన్న రాత్రి షిఫ్టు నుంచి రాగానే, టీ తాగాక, ఆయన రెండు చేతుల్లో పెట్టి ఆ మాట అనిపించాలని, దుప్పటి చుట్టి మంచం కింద పెట్టుకుని పడుకున్నాను.

పొద్దున్న నేను కుళాయి దగ్గరికి నీళ్లకి పోయాను. ఆ పది నిమిషాల్లోనే జరిగింది. నాన్న వచ్చి, లుంగీ కట్టుకుని, విప్పిన బూట్లు మంచం కిందికి తోయబోతే దుప్పట్లోంచి నల్లటి గొట్టం కనబడిందట. ఆ ఏడు అడవి వైపు నక్సలైట్ల గొడవలని ఊళ్లో ఎక్కడ చూసినా పోలీసులు, సంచులు విప్పి చూస్తున్నారు. నేను బిందె దింపేసరికి నాన్న బల్ల మీద కూర్చుని ఉన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. లుంగీ మోకాళ్లదాకా తడిసి ఉంది.

"ఒలే గుంటా, ఇల్రా. తలుపెయ్యి."

"ఏటి నాన్నా?"

"ఎవుడిచ్చినాడే నీకది?"

"ఏది?"

"గట్టిగా అరవకు. మంచం కిందది. సెరువులో పారేసినాను. ఇంక దాని మాట ఎత్తకు. ఎవులొచ్చి అడిగినా మనకి తెల్దు. తెలిసిందా?"

"నాన్నా! అది నాను సేసింది! అట్టముక్కలతో!"

"అబద్దాలాడకు! ఇరవయ్యారేళ్లగా ఇనుం పట్టుకుంటన్నాను. ఏది ఇనుమో ఏది అట్టముక్కో నా సేతికి తెల్దేటి?"

ఎన్నాళ్లనించో నేను వినాలనుకున్న మాట అదే, చూడండి. దానికి సంతోషించే తీరిక కూడా లేకపోయింది. పెరట్లోంచి అమ్మ కేక. "ఓలమ్మోలమ్మ! ఇలా రండి, సెరువులో ఏటో నల్లగా తేల్తంది!"

పరిగెత్తాం. చెరువు మధ్యలో నా తుపాకీ. ఇసుక ఉన్న గొట్టం నీళ్లలోకి దిగి, థర్మకోలు మడమ పైకి లేచి, మేత కోసం తల ముంచిన బాతులా మెల్లగా ఊగుతోంది. ఎవరికీ కనబడకూడదని పారేసిన వస్తువు, నాలుగు వరసల క్వార్టర్లకి కనబడుతోంది.

"ఇనుం తేల్తాదేటే?" అన్నాడు నాన్న, ఎవరినో పెద్దాయన్ని అడిగినట్టు.

"తేల్దు నాన్నా."

"మరి?"

"థర్మకోలు."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇనుమూ అట్టముక్కా తేడా తెల్దు, ఈయన సేతికి రైలింజన్లు అప్పసెప్పినారు!" అంది గాల్లోకి. నాన్న బట్టలారేసే వెదురు తీసుకుని, నడుంలోతు దాకా దిగి, తుపాకీని గట్టుకి లాగాడు. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "బరువెలాగొచ్చింది?" అన్నాడు. "గొట్టంలో ఇసక" అన్నాను. "ఊఁ" అన్నాడు. మెరుపు మీద వేలు రుద్ది చూసుకున్నాడు. మళ్లీ "ఊఁ" అన్నాడు. నేను ధైర్యం చేసి, "మరి నిజం సరుకనే అనుకున్నావు కదా నాన్నా" అన్నాను. ఆయన వెంటనే ఫిట్టరైపోయాడు. "నిజం సరుకు నీటిలో తేల్దు. ఇది తేలింది. నాను ఓడిపోనేదు. సినిమావోళ్లు దీన్ని సూసి ఏటంటారో నా కళ్లతో సూసి, అప్పుడు సెప్తాను." రాత్రంతా ఇంజన్ల కింద దూరి వచ్చిన మనిషి, కంటి మీద కునుకు లేని మనిషి, నాతో షూటింగుకి బయల్దేరాడు. మడమ దగ్గర పేపరు నాని ఊడింది. నేను నల్ల టేపు చుడుతుంటే, "అలాక్కాదు, నాకియ్యి" అని లాక్కుని, ముడత లేకుండా ఆయనే చుట్టాడు.

కాలేజీ వైపు పోవాలంటే స్టేషను దాటాలి. దుప్పటి చుట్టిన తుపాకీని పసిబిడ్డలా ఎత్తుకుని వంతెన మెట్లెక్కాను, వెనక నాన్న. పైన ఒక పోలీసాయన, పెద్ద మీసాలు, మంచి పొట్ట. "ఎటా కీ?" అన్నాడు మూట చూపించి. ఇదేమిటని. నాకు చిన్నప్పటి నుంచీ ఒక రోగం, భయమేస్తే నిజం బయటికొచ్చేస్తుంది. "గన్ దాదా" అన్నాను. నాన్న వెనకాల ఊపిరి బిగబట్టడం నాకు వినబడింది.

పోలీసాయన మొహం విచ్చుకుంది. "గాన్? బాహ్! కోథాయ్ గాన్ హొబే?"

నాకు అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. తుపాకీ కావాలంటే వాళ్ల భాషలో బొందూక్ అనాలి. గాన్ అంటే వాళ్లకి పాట. పాట కచేరీ ఎక్కడమ్మా అని అడుగుతున్నాడాయన. నా చేతిలోది ఏదో వాయిద్యం అనుకున్నాడు. "కాలేజీలో దాదా" అన్నాను. ఆయన అంతటితో వదిలితే బాగుండును. గోడకి చేరబడి, "ఏక్‌టా షొనావ్ తో" అన్నాడు. ఒకటి పాడి వినిపించమని.

నాకు పాటలు రావు. ఒక్క ముక్క గుర్తు రాలేదు. నోటికొచ్చిందల్లా, చిన్నప్పటి నుంచీ పలాస వెళ్లొచ్చే రైల్లో కిటికీ పక్కన కూర్చుని వల్లెవేసిన స్టేషన్ల పేర్లు. కళ్లు మూసుకుని రాగం తీశాను. "పలాసా... ఆఁ... సోంపేటా... ఇచ్ఛాపురమూ..." "బరంపురమూ... ఛత్రపూరూ... ఖుర్దారోడూ..." ఇక్కడ వెనకనించి నాన్న గొంతు గట్టిగా కలిసింది. "బాలుగావూ... బాలుగావూ..." (ఛత్రపూరు తర్వాత నేను బాలుగావ్ వదిలేశాను. జైలుకి పోతున్నా సరే, మధ్యలో స్టేషను వదిలేస్తే మా నాన్న ఊరుకోడు.) తప్పు దిద్దాక ఆయన ఆగలేదు, మూట మీద వేళ్లతో తాళం వేస్తూ నాతోపాటే భువనేశ్వర్ దాకా వచ్చాడు. భువనేశ్వర్ అనగానే పోలీసాయన టోపీ తీసి, కళ్లు మూసుకుని, "జొయ్ జొగొన్నాథ్" అని చేతులు జోడించాడు. పూరీ స్వామి మీద భజన అనుకున్నాడు మహానుభావుడు. కటక్ దాకా పాడి, దణ్ణం పెట్టి కదిలాం. మెట్లు దిగాక, కింద కుళాయి దగ్గర నాన్న మొహం కడుక్కుని, "అపస్వరం" అన్నాడు. నా గురించో ఆయన గురించో ఇప్పటికీ తెలియదు.

కాలేజీ వెనక పాడుపడ్డ బంగళాలో వాళ్లంతా సిద్ధంగా ఉన్నారు. అరువు తెచ్చిన కెమెరా సాయంత్రానికి తిరిగి ఇచ్చెయ్యాలట. నేను మూట ముడి మీద చెయ్యి వేశానో లేదో, కళ్లజోడు బాబు, "ఆగండక్కా! విప్పొద్దు!" అన్నాడు. రెండడుగులు వెనక్కేసి, తల పక్కకి వంచి, "ఇలాగే బాగుంది. లోపల ఏముందో జనానికి కనబడకూడదక్కా. వాళ్లే ఊహించుకుని భయపడాలి. ఇలాగే దుప్పట్లోనే తీసేద్దాం" అన్నాడు. అగరొత్తి హీరో మూటని భుజాన పెట్టుకుని గంభీరంగా నిలబడ్డాడు. పన్నెండు రోజులు, ఒక జిలేబీ, ఒక చెరువు, ఒక కచేరీ. నాకు కోపం కూడా రాలేదు, అంత ఓపిక లేదు. "సరే బాబూ" అని ఒక రాయి మీద కూలబడ్డాను. పూజలయ్యాక ఇంట్లో ఏ మూల కూర్చోవాలా అని అప్పుడే చూసుకుంటున్నాను మనసులో.

"అలాగెలాగ బాబూ?"

నాన్న. అందరూ తిరిగి చూశారు. బురద లుంగీ, ఎర్రటి కళ్లు, చేతిలో టేపు చుట్ట. కెమెరాకీ హీరోకీ మధ్యకి వెళ్లి నిలబడ్డాడు.

"మూటే తీసుకుంటే అందులో సీపురుకట్ట ఎట్టుకున్నా సరిపోను కదా! మా గుంట పన్నెండు రోజులు వేళ్లు ముడవకుండా సేసింది. నాను ఇరవయ్యారేళ్ల ఫిట్టర్ని. సేత్తో పట్టుకున్నాను, నిజం తుపాకీ అనుకున్నాను. పోలీసులొస్తారని బయ్యమేసి సెరువులో పారేసినాను బాబూ, పారేసినాను! అంత బాగా సేసినాది. ఇప్పండి. ముందు ఇప్పి సూడండి, ఆ తరవాత ఊహించుకోండి."

మాట పూర్తయ్యాక గాని ఆయనకి తెలియలేదు ఏమన్నాడో. ఒక్కసారి నా వంక చూసి, వెంటనే టేపు చుట్ట వంక చూసుకున్నాడు. కళ్లజోడు బాబు ముడి విప్పాడు. ఎండ ఆ నలుపు మీద పడింది. "అమ్మో" అన్నాడెవరో. హీరో దాన్ని అందుకుని, బరువుకి చెయ్యి కిందికి జారి, నిజంగానే భయపడ్డాడు. ఆ భయమే సినిమాలో ఉంచేశారు. తీరా సినిమా చూస్తే తుపాకీ కనబడింది రెప్పపాటు సేపు, అందులో సగం ఆ అబ్బాయి చెయ్యి అడ్డం. పోనీలెండి.

ఇంటికొచ్చి నేనూ నాన్నా చెరో గోడ పక్కనా పడి, సాయంత్రం దీపం పెట్టకముందే నిద్రపోయాం. నేను పనికి వెళ్లొచ్చా లేదా అని అడగలేదు, ఆయనా చెప్పలేదు. మర్నాడు పొద్దున్న ఎవరో భుజం తట్టారు. "ఒలే, లే. దూటీకి టైమైపోతంది." మా ఇంట్లో దూటీ అంటే రైల్వే ఉద్యోగం ఒక్కటే. పక్కింటాయన కొట్లో లెక్కలు రాసేది, మా పిన్ని బడిలో పాఠం చెప్పేది కూడా నాన్న నోట వట్టి పనే. అలాంటిది నా థర్మకోలుకి ఆ మాట అన్నాడాయన.

ఆ మాట వినగానే కళ్లనీళ్లతో చెంగున లేచి కూర్చున్నానని రాస్తే బాగుంటుంది. మేనకోడళ్లకి చెప్పేటప్పుడు అలాగే చెప్తాను కూడా. ఇక్కడ మాత్రం ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. దుప్పటి నెత్తి మీదికి లాక్కుని, "నాన్నా, ఒళ్లంతా నొప్పులు. ఈ ఒక్కరోజూ లీవు" అన్నాను.